ర్యామ్ తింటున్నదెవరు?

గుంటూరులో ఒక ట్యాక్స్ కన్సల్టెంటు ఆఫీసు ఉంది. ప్రతి నెలా 18, 19 తేదీల్లో అక్కడి నుంచి నాకు ఫోను రాకుండా ఉండదు. 20వ తేదీ జీఎస్టీఆర్-3బి రిటర్ను గడువు. ఆ రెండు రోజులూ అక్కడ మధ్యాహ్నం క్యారియర్లు సాయంత్రం నాలుగింటికి గానీ తెరుచుకోవు. మొన్నొకసారి ఫోన్ చేసిన అమ్మాయి గొంతులో ఏడుపొక్కటే తక్కువ.

"అన్నయ్యా, క్రోమ్ మళ్లీ దానంతటదే మూసుకుపోయింది. క్యాషే, కుకీలు మొత్తం క్లియర్ చేశాను. రెండుసార్లు రీస్టార్ట్ చేశాను. ఇప్పుడు అన్ని పోర్టళ్ల లాగిన్లూ పోయాయి. ర్యామ్ వేయించమని సార్‌కి చెప్పమంటారా?"

"వద్దమ్మా. ఇంకేమీ చెయ్యకు. ముందు కీబోర్డు మీద షిఫ్టూ, ఎస్కేపూ కలిపి నొక్కు" అన్నాను.

చిన్న ఆఫీసుల కంప్యూటర్లు చూసుకోవడం నా పని. బ్రౌజర్ మెమరీ తినేస్తోందనీ, పని మధ్యలో కూలిపోతోందనీ వచ్చే ఫిర్యాదులన్నింటిలో నాకు కనబడే పొరపాటు ఒక్కటే. తింటున్నదెవరో చూడకుండా మందు వేస్తారు. నెట్‌లో దొరికిన పది చిట్కాలూ ఒకే పూట ప్రయోగిస్తారు. బాగుపడితే ఏది పనిచేసిందో తెలియదు. బాగుపడకపోతే ఏది చెడగొట్టిందో తెలియదు. లెక్కలు రాసేవాళ్లకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. గల్లాలో డబ్బు తగ్గితే చిట్టా, ఆవర్జా తీసి చూస్తారు గానీ గల్లాపెట్టె మార్చరు కదా.

క్యాషే సంగతే తీసుకోండి. ఒకసారి చూసిన పేజీల బొమ్మలు, ఫైళ్లు మళ్లీ పనికొస్తాయని బ్రౌజర్ డిస్కు మీద దాచుకున్న మూట అది. మనం సెట్టింగుల్లోకి వెళ్లి ఊడ్చేది ఆ మూటనే, ర్యామ్‌ని కాదు. ఊడ్చాక మెమరీ మిగలదు సరికదా, పోర్టల్ మళ్లీ మొదటి నుంచి అన్నీ దింపుకోవాలి గనక ఇంకా నిదానమవుతుంది. కుకీలు పోతే లాగిన్లు పోతాయి. సైటు తిన్నగా కనబడకపోతేనో, పాత పేజీయే మళ్లీ మళ్లీ వస్తుంటేనో క్యాషే తీసేయడం సరైన మందు. ఈ రోగానికి మాత్రం కాదు.

షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే తెరుచుకునేది క్రోమ్ సొంత టాస్క్ మేనేజర్. ఎడ్జ్‌లోనూ అదే మీట. ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లు అడ్రస్ పట్టీలో 'అబౌట్' అని కొట్టి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా 'ప్రాసెసెస్' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే అలాంటి పట్టికే వస్తుంది. ఇది విండోస్ టాస్క్ మేనేజర్ కాదు. అందులో క్రోమ్ పేరు ముప్పైసార్లు కనబడుతుంది తప్ప ఏ వరస ఏ ట్యాబుదో తేలదు.

ఆ ముప్పై వరసలు చూసి వైరస్ అనుకుని హడలిపోయినవాళ్లు నాకు చాలామంది తెలుసు. వైరస్ కాదు. 2008 సెప్టెంబరులో క్రోమ్ వచ్చినప్పుడు గొప్పగా చెప్పుకున్నదే దాన్ని. అంతకుముందు ఒక పేజీ కూలితే బ్రౌజర్ మొత్తం కూలేది. క్రోమ్ ట్యాబులకు వేరు కాపురాలు పెట్టించింది. ఒకరింట్లో నిప్పంటుకున్నా పక్కింటికి పాకదు. కాకపోతే ఎవరి పొయ్యి వాళ్లకి, ఎవరి గిన్నెలు వాళ్లకి కావాలి, ఖర్చు పెరిగింది. ఫైర్‌ఫాక్స్ కూడా 2016లో 48వ వెర్షన్ నుంచి ఆ దారి పట్టింది. 2018 జనవరిలో ప్రాసెసర్లలో స్పెక్టర్ అనే లోపం బయటపడింది. ఒక సైటు సమాచారం ఇంకో సైటు కంట పడే ప్రమాదం ఉందని తేలాక, ఒకే పేజీలో ఉన్న వేర్వేరు సైట్ల ముక్కల్ని కూడా క్రోమ్ విడదీసింది. ఆ ఏడాది 67వ వెర్షన్‌లో వచ్చిన ఈ ఏర్పాటు వల్ల మెమరీ వాడకం 10 నుంచి 13 శాతం పెరుగుతుందని గూగుల్ అప్పుడే చెప్పింది. నెట్ బ్యాంకింగ్ ట్యాబు పక్కనే ముక్కూ మొహం తెలియని సైటు తెరిచే మనబోటివాళ్లకు ఆ ఖర్చు దండగేమీ కాదు.

సరే, పట్టికలో 'మెమరీ ఫుట్‌ప్రింట్' అన్న శీర్షిక మీద నొక్కితే ఎక్కువ తినేవాళ్లు పైకి వస్తారు. రాకపోతే ఇంకోసారి నొక్కండి. వరసల్లో కొన్ని ట్యాబులు, కొన్ని ఎక్స్‌టెన్షన్లు. సబ్‌ఫ్రేమ్ అని ఉంటే అది పేజీలో అతికించిన పరాయి సైటు ముక్క, చాలాసార్లు ప్రకటనే. నా అనుభవంలో మామూలు వార్త పేజీ వందా నూట యాభై ఎంబీ, జీమెయిల్ గానీ పెద్ద గూగుల్ షీటు గానీ మూడు నాలుగు వందలు తింటాయి. అది వాటి కూలి, తిననివ్వండి. ఒకే ట్యాబు గిగాబైటు దాటితే మాత్రం ఎందుకని అడగాలి.

ఒక్కసారి చూసిన అంకె సగమే చెబుతుంది. ఇప్పటి అంకె కాగితం మీద వేసుకోండి. ఆ ట్యాబు ముట్టుకోకుండా వేరే పని చేసుకుని, గంట తర్వాత మళ్లీ చూడండి. మూడు వందలున్నది ఏడు వందలైందంటే ఆ పేజీలో లీకు ఉన్నట్టు. అంటే వాడేసిన మెమరీని తిరిగి ఇవ్వడం దాని ప్రోగ్రాం రాసినవాళ్లు మరిచిపోయారు. దాన్ని మనం బాగుచేయలేం. రీలోడ్ చేస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది గనక, అలాంటి సైటుని పూటకోసారి రీలోడ్ చేయడమే గతి. అసలు స్పందించకపోతే పట్టికలోనే ఆ వరస ఎంచుకుని 'ఎండ్ ప్రాసెస్' కొట్టండి. సాధారణంగా ఆ ట్యాబు మాత్రమే ఆగుతుంది, మిగతావి బతికే ఉంటాయి. సగం నింపిన ఫారం అందులో ఉంటే మాత్రం అది పోయినట్టే.

ఆ రోజు గుంటూరులో పట్టిక తెరిస్తే పైన కూర్చున్నది జీఎస్టీ పోర్టల్ కాదు. పొద్దున ఆఫీసు తాళం తీయగానే పెట్టిన సుప్రభాతం. పాట అయిపోయాక దాని వెనక ఇంకోటి, దాని వెనక మరోటి దానంతటదే మారుకుంటూ, మధ్యాహ్నానికి ఆ వీడియో ట్యాబు 1.1 జీబీకి చేరింది. ఫోన్లు మాట్లాడుకోవాలని ఎవరో మ్యూట్ చేశారు గనక అది ఉందన్న ధ్యాసే ఎవరికీ లేదు. రెండో స్థానంలో పీడీఎఫ్‌లు మార్చే ఉచిత ఎక్స్‌టెన్షన్, నాలుగు వందల ఎంబీ. ఎవరో ఎప్పుడో ఒక్క ఫైలు కోసం వేశారు. అప్పటి నుంచి తెరిచిన ప్రతి పేజీలోనూ అది వేలు పెడుతోంది.

ఎక్స్‌టెన్షన్ల మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. కూపన్లు వెతికేవి, స్క్రీన్ ఫొటోలు తీసేవి, కొత్త ట్యాబులో వాతావరణం చూపించేవి, ఇవన్నీ అతిథుల్లా వచ్చి ఇంట్లోనే ఉండిపోతాయి. పరీక్ష సులువు. ఇన్‌కాగ్నిటో విండోలో, అదే ఫైర్‌ఫాక్స్ అయితే ప్రైవేట్ విండోలో, మనం ప్రత్యేకంగా అనుమతి ఇస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు. అక్కడ అదే సైటు తెరిచి గంటసేపు పనిచేయండి. బాగుంటే దొంగ ఎక్స్‌టెన్షన్లలోనే ఉన్నాడు. పది ఉంటే ఐదు ఆపి చూడండి. తేడా వస్తే దొంగ ఆ ఐదింటిలో, రాకపోతే మిగతా ఐదింటిలో. మూడు నాలుగు విడతల్లో దొరికిపోతాడు. ప్రకటనలు ఆపే మంచి ఎక్స్‌టెన్షన్ ఒకటి ఉంటే దాన్ని తీయకండి. అది తినేదాని కంటే ఆదా చేసేది ఎక్కువ.

సుప్రభాతం మూసి, పీడీఎఫ్ అతిథిని సాగనంపితే ఒకటిన్నర జీబీ మిగిలింది. ఆ అమ్మాయి థ్యాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేసింది. సాయంత్రం ఆరింటికి మళ్లీ ఫోను. మళ్లీ మూసుకుపోయిందట. ఈసారి బండి తీసుకుని నేనే వెళ్లాను.

ఇక్కడ చాలామంది మెకానిక్కులు కూడా చూడని పద్దు ఒకటుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే విండోస్ టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, ఆ లోపల మెమరీ. పైన గ్రాఫు చూసి ఆగిపోకండి. కింద 'కమిటెడ్' అని రెండు అంకెలుంటాయి. ఆ అమ్మాయి లాప్‌టాపులో 11.8, దాని పక్కన 12.1 ఉన్నాయి. రెండో అంకె యంత్రం మొత్తం అప్పు పరిమితి. ర్యామ్ ఎంత, డిస్కు మీద పేజ్ ఫైల్ అనే పేరుతో విండోస్ తీసి పెట్టుకున్న జాగా ఎంత, ఆ రెండూ కలిపితే వచ్చేది. మొదటిది ప్రోగ్రాములన్నిటికీ విండోస్ ఇస్తానని మాటిచ్చిన మెమరీ. మాట పరిమితిని తాకితే ఇంకెవరు అడిగినా విండోస్ లేదంటుంది. లేదనిపించుకున్న ప్రోగ్రాం చాలాసార్లు అక్కడికక్కడే కూలుతుంది. ర్యామ్‌లో ఒక జీబీ ఖాళీ కనబడుతుండగానే బ్రౌజర్ ఎందుకు పోయిందో అర్థంకాక బుర్ర గోక్కునేది ఇందుకే.

మామూలుగా అవసరం పెరిగితే పేజ్ ఫైల్‌ని విండోస్ తనే పెంచుకుంటుంది. ఇక్కడ పెంచుకోవడానికి చోటు లేదు. సి డ్రైవు మీద ఎర్ర గీత, మిగిలింది 900 ఎంబీ. డెస్క్‌టాప్ మీద నాలుగేళ్ల ట్యాలీ బ్యాకప్పులు. డౌన్‌లోడ్స్‌లో ఒకే క్లయింటు జీఎస్టీఆర్-2బి ఎక్సెల్ ఫైలు పేరు చివర ఒకటి, రెండు, మూడు అని అంకెలు తగిలించుకుని ఐదు సార్లు. బ్యాకప్పులు బయటి డిస్కులోకి మార్చి, రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తే నలభై జీబీ దొరికింది. తర్వాత విండోస్ అడ్వాన్స్‌డ్ సిస్టం సెట్టింగుల్లో పెర్ఫార్మెన్స్ కింద వర్చువల్ మెమరీ తెరిచి చూశాను. పేజ్ ఫైల్ పరిమాణాన్ని విండోస్‌కే వదిలేసే గడిలో టిక్కు ఉంది, అదృష్టం. కొన్ని ఆఫీసుల్లో స్పీడు పెరుగుతుందని ఎవరో చెప్పిన మాట విని పేజ్ ఫైల్‌ని పూర్తిగా ఆపేసి ఉంచుతారు. అంత చెడ్డ సలహా ఈ వృత్తిలో ఇంకోటి లేదు.

ఇది చిన్న విషయమేమీ కాదు. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా ఇంజనీర్లు విండోస్‌లో తమ బ్రౌజర్ ఎందుకు కూలుతోందో నివేదికలు తవ్వితే చాలా కేసులు ఈ కమిటెడ్ దగ్గరే తేలాయి. పేజ్ ఫైల్ పెరగడానికి కాస్త సమయం పడుతుంది, ఈ లోపే మెమరీ దొరక్క బ్రౌజర్ కూలుతోంది. వాళ్లు కనిపెట్టిన మందు వింటే నవ్వొస్తుంది. విండోస్ లేదంటే కొద్దిసేపు ఆగి మళ్లీ అడగడం. 2022 సెప్టెంబరులో వచ్చిన 105వ వెర్షన్‌లో దాన్ని పెట్టాక, తక్కువ మెమరీ ఉన్న యంత్రాల్లో కూలడం బాగా తగ్గింది. ఆగి అడిగినా చోటు ఉంటే కదా ఇచ్చేది. అందుకే సి డ్రైవులో పదిహేను, ఇరవై జీబీ ఎప్పుడూ ఖాళీగా ఉంచమంటాను.

కూలడంలోనూ రకాలున్నాయి, ఎలా కూలిందో గమనిస్తే సగం దారి తెలిసిపోతుంది. ఒక ట్యాబు మాత్రమే పోయి, 'ఆ, స్నాప్' అన్న పేజీ వచ్చి, కింద 'ఔట్ ఆఫ్ మెమరీ' అని ఉంటే ఆ పేజీయే దోషి. విండో మొత్తం చప్పుడు లేకుండా మాయమైతే ముందు కమిటెడ్, సి డ్రైవు చూడండి. తెర నల్లబడటం, గళ్లుగళ్లుగా చెదరడం, వీడియో పెట్టగానే పోవడం అయితే గ్రాఫిక్స్ డ్రైవరు మీద అనుమానం. సెట్టింగుల్లో సిస్టం కింద గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆపి ఒక రోజు చూడండి. ఆగితే డ్రైవరు అప్‌డేట్ చేసి ఆ మీట మళ్లీ వేసేయండి, ఎప్పటికీ ఆపేసి ఉంచితే ప్రాసెసర్ మీద బరువు పడుతుంది. బ్రౌజరే కాదు, ఎక్సెల్, ట్యాలీ కూడా వేళాపాళా లేకుండా పోతుంటే ర్యామ్ కడ్డీయే చెడి ఉండొచ్చు. విండోస్ వెతుకు పెట్టెలో మెమరీ డయాగ్నొస్టిక్ అని కొట్టి, యంత్రం రీస్టార్ట్ అయ్యి పరీక్ష ముగిసేదాకా టీ తాగి రండి.

బయటి నుంచి బ్రౌజర్ లోపలికి దూరే సాఫ్ట్‌వేర్లు ఇంకో తలనొప్పి. యాంటీవైరస్‌లు వీటిలో ముందుంటాయి. విండోస్‌లో క్రోమ్ వాడేవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మంది కంప్యూటర్లలో క్రోమ్‌తో చెయ్యి కలిపే ఇతర ప్రోగ్రాములు ఉన్నాయనీ, తమ కోడ్‌ని క్రోమ్ లోపలికి చొప్పించే ప్రోగ్రాములున్న చోట అది కూలే అవకాశం 15 శాతం ఎక్కువనీ గూగుల్ 2017లో చెప్పింది. దీన్ని పట్టుకోవడానికి విండోస్‌లోనే ఒక మంచి పనిముట్టు ఉంది, పాపం దాని మొహం ఎవరూ చూడరు. వెతుకు పెట్టెలో 'రిలయబిలిటీ' అని కొడితే 'రిలయబిలిటీ హిస్టరీ' వస్తుంది. ఏ రోజు ఏ ప్రోగ్రాం కూలిందో క్యాలెండరులా ఎర్ర ఇంటూ గుర్తులతో చూపిస్తుంది. గుర్తు మీద నొక్కితే వివరాల్లో తప్పు ఏ ఫైలు దగ్గర జరిగిందో ఉంటుంది. అక్కడ బ్రౌజర్ ఫైలు బదులు యాంటీవైరస్ ఫైలు పేరు పదేపదే కనబడితే దాన్ని అప్‌డేట్ చేయించండి. ఆఫీసు యంత్రమైతే మీ అంతట మీరు తీసేయకండి. అది మీ ఉద్యోగం మీదికి వస్తుంది.

పాత కంప్యూటరు అయితే ఇంకో చిన్న చూపు. క్రోమ్ సెట్టింగుల్లో అబౌట్ పేజీలో వెర్షన్ పక్కన 64-బిట్ అని ఉండాలి. 32-బిట్ ప్రోగ్రాం యంత్రంలో ఎంత ర్యామ్ ఉన్నా ఒక్కో ప్రాసెసులో 4 జీబీ దాటలేదు. విండోస్ 7, 8 మీద క్రోమ్ 109తో ఆగిపోయింది. అక్కడ చిట్కాలతో కాలక్షేపం చేయడం అనవసరం.

2022 డిసెంబరులో 108వ వెర్షన్‌తో క్రోమ్‌లో మెమరీ సేవర్ వచ్చింది. సెట్టింగుల్లో పెర్ఫార్మెన్స్ కింద ఉంటుంది. మీరు చాలాసేపు ముట్టని ట్యాబుల్ని నిద్రపుచ్చి, మళ్లీ నొక్కినప్పుడు పేజీని కొత్తగా దింపుతుంది. ఎడ్జ్‌లో స్లీపింగ్ ట్యాబ్స్ చేసేదీ అలాంటి పనే. వెయ్యండి, కానీ గుడ్డిగా వదలకండి. పాట వినిపించే ట్యాబుల్ని, సగం నింపిన ఫారాల్ని అది సాధారణంగా ముట్టదు. అయినా రిటర్నులు నింపే పోర్టళ్లు, వాట్సాప్ వెబ్ లాంటివి 'ఎప్పుడూ మేల్కొని ఉండాల్సిన సైట్ల' జాబితాలో మీరే చేర్చుకోవడం మేలు. దాని కిందే సిస్టం భాగంలో, క్రోమ్ మూసినా వెనకాల యాప్‌లు నడిచే మీట ఉంటుంది. అది ఆపేయండి. ఫైర్‌ఫాక్స్‌లో ట్యాబులు మూసినా అంకె దిగకపోతే, అబౌట్ కోలన్ మెమరీ పేజీలో 'మినిమైజ్ మెమరీ యూసేజ్' అన్న బటన్ ఉంది. గడువు రోజున పనికొస్తుంది.

క్రోమ్ మానేసి ఎడ్జ్ వాడమంటారా అని అడుగుతుంటారు. రెండింటి లోపలా ఉన్నది క్రోమియం అనే ఒకే ఇంజను. మారితే వచ్చే తేడా కొంచెం. నష్టం ఎక్కడంటే, మారినవాళ్లు పాతది మూయరు. రెండూ నడుస్తుంటాయి. పైగా మీరు బ్రౌజర్ అనుకోని బ్రౌజర్లు కూడా ఉన్నాయి. స్లాక్, టీమ్స్ లాంటివి పైకి మామూలు యాప్‌లే, లోపల నడిచేది బ్రౌజర్ ఇంజనే. మీటింగు అయిపోయాక టీమ్స్ గడియారం పక్కన చిన్న గుర్తుగా మారి కూర్చుంటుంది. అక్కడ కుడి మీట నొక్కి క్విట్ చేస్తే తప్ప పోదు. ఇక ర్యామ్ శుభ్రం చేస్తామనే బూస్టరు సాఫ్ట్‌వేర్లు. అవి చేసేది ర్యామ్‌లో ఉన్నదాన్ని డిస్కు మీదికి గెంటడం. మరుక్షణం బ్రౌజర్ దాన్ని మళ్లీ లోపలికి లాక్కుంటుంది. ఉంటే ఇవాళే తీసేయండి.

ఇవన్నీ చేశాక కూడా మామూలు పనిరోజున కమిటెడ్ అంకె ర్యామ్ కంటే బాగా ఎక్కువగానే ఉంటుంటే అప్పుడు ర్యామ్ కొనండి. టాస్క్ మేనేజర్‌లో అదే మెమరీ పేజీలో ఎన్ని స్లాట్లలో ఎన్ని నిండాయో, కడ్డీ ఏ రకమో రాసి ఉంటుంది. 'రో ఆఫ్ చిప్స్' అని ఉంటే ర్యామ్‌ని బోర్డుకే అతికించేశారు, మార్చలేరు. లేకపోతే ఆ పేజీ ఫొటో తీసుకుని వెళ్లండి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో ఏ కొట్టువాడికి చూపించినా డీడీఆర్4నో, డీడీఆర్5నో సరిపోయేదే ఇస్తాడు. ఒకదాని చోట ఇంకోటి పట్టదు. గుంటూరు లాప్‌టాపుకు మాత్రం కొనలేదు. ఇప్పటికీ పాత 8 జీబీ ర్యామ్‌తోనే నడుస్తోంది.

పెద్ద కంపెనీల్లో పనిచేసేవాళ్ల చేతిలో ఇందులో సగం సెట్టింగులు ఉండవు. ఐటీ విభాగానికి టికెట్ పెట్టాలి. ఇలాంటి ఫిర్యాదులు వినేవాడిగా ఒక విన్నపం. 'బ్రౌజర్ స్లో, అర్జెంట్' అని రాస్తే మాకు ఏమీ తెలియదు. ఎన్ని గంటలకు పోయింది, ట్యాబు పోయిందా మొత్తం పోయిందా, తెర మీద వచ్చిన మాట ఏమిటి, అప్పుడు ఏ సైటు తెరిచి ఉంది, ఇవి నాలుగు ముక్కల్లో రాయండి. షిఫ్ట్-ఎస్కేప్ పట్టిక ఫొటో ఒకటి, కమిటెడ్ అంకె కనబడే ఫొటో ఒకటి జతచేయండి. ఆ రెండు ఫొటోలున్న టికెట్‌ని నేనైతే ముందు తెరుస్తాను.